శుక్రవారం కరోకేకి ఏ పాట పెట్టాలి

వచ్చే శుక్రవారం ఆఫీసయ్యాక కరోకే. మా టీమ్‌లో పెద్దావిడకి ఏప్రిల్ నుంచి ఒసాకా ట్రాన్స్‌ఫర్. జపాన్‌లో బడులకీ చాలా ఆఫీసులకీ ఏడాది మార్చితో ముగిసి ఏప్రిల్‌లో మళ్ళీ మొదలవుతుంది కాబట్టి ఈ నెలంతా ఎవరో ఒకరికి వీడ్కోలు చెప్తూనే ఉంటాం. రూలు పెట్టింది కూడా ఆవిడే, పువ్వులొద్దు కేకొద్దు, తలా రెండు సొత్సుగ్యో పాటలు పట్టుకొస్తే చాలు అంది. అంటే బడి చదువైపోయిన రోజు పాడే పాటలు. రెండేగా అని తలూపేశా, ఇవాళ కూర్చుంటే తెలిసింది ఆ రెండు తేలడమే కష్టమని.

ఇవాళ శనివారం, పుప్పొడి కాలం, బట్టలు బయట ఆరేయడానికి లేదు, అందుకని ఇల్లంతా తాళ్ళు కట్టి మధ్యలో కూర్చుని ఫోన్‌లో పాటలు పెట్టుకున్నా. టోక్యోలో మా నిషికసాయ్ అపార్ట్‌మెంట్ గోడలు ఎంత పల్చనంటే పక్కింటాయన తుమ్ము కూడా వినిపిస్తుంది, కాబట్టి ఇంట్లో వినడమే, పాడటం లేదు.

మొదట పాతవి విన్నా. అన్నిటికన్నా పాతది హొతారు నో హికారి, 1881 నాటి బడి పాటల పుస్తకంలోది, మెట్టు, అంటే ట్యూన్, మాత్రం స్కాట్లాండ్‌ది, అక్కడ కొత్త సంవత్సరం రాత్రి పాడతారు చూడండి, అదే. దీన్ని కరోకేలో పెట్టడం మాత్రం దండగ, ఎందుకంటే ఈ దేశంలో షాపులు మూసేముందు ఇదే మెట్టు వాల్ట్జ్‌గా వేస్తారు, ఎవరైనా పాడటం మొదలెడితే మిగతావాళ్ళు అలవాటుకొద్దీ బ్యాగులు సర్దుకుంటారు. తర్వాత అవొగెబా తొతొషి, 1884, గురువులకి దణ్ణం పెట్టే పాట. దీని మెట్టు ఎక్కడిదో వందేళ్ళు దాటినా ఎవరికీ తెలియలేదు, 2011లో ఒక ప్రొఫెసర్ 1871 నాటి అమెరికా పాటల పుస్తకంలో పట్టుకున్నాడు. ఇంత పక్కా జపాన్ పాట అనుకున్నది కూడా బయటి సరుకే, అయితే ఏంటి, బాగుంటుంది. కానీ మాటలు మరీ గ్రాంథికం, పాడుతుంటే నాకే పరీక్ష రాస్తున్నట్టుంటుంది. అవతల పెట్టా.

ఇంతలో మా కర్నూలు కుర్రాడు మెసేజ్. "అక్కా నేను ఫిక్స్, అద్దాలు పగలగొట్టే పాట." ఒజాకి యుతాకా పాట, పేరే సొత్సుగ్యో, 1985. రాత్రిపూట బడిలో కిటికీ అద్దాలు పగలగొట్టుకుంటూ తిరిగామని అందులో చెప్తాడు, ఇంకా ఎన్నిసార్లు ఇలా బడి దాటుతూ ఉండాలి అని అడుగుతాడు. నాకు నచ్చేదేంటంటే ఆ మనిషి అసలు హైస్కూల్ పూర్తే చెయ్యలేదు, మధ్యలో మానేశాడు, తనతో చదివినవాళ్ళకి బడిలో ఆఖరి వేడుక జరిగిన రోజే, 1984 మార్చి 15న, షింజుకులో తన మొదటి కచేరీ పెట్టుకున్నాడు. ఇరవయ్యారేళ్ళకే పోయాడు పాపం. "ఒరేయ్ అది ఆరు నిమిషాలు దాటుద్ది, మనకిచ్చేది రెండు గంటలు" అన్నా. "మీరు ఒకటి తగ్గించుకోండక్కా" అన్నాడు. వీడికి కాంజీ, అంటే చైనా నుంచి వచ్చిన ఆ బొమ్మల్లాంటి అక్షరాలు, కూడా సరిగ్గా రాదు.

అదే 1985లో అదే పేరుతో సైతో యుకి కూడా పాడింది, మెత్తటి పాట, ఆడపిల్ల వైపు నుంచి, వీడ్కోలు రోజు ఏడవకపోతే నన్ను కఠినమైందని అంటారేమో అనుకునే పిల్ల. పెద్దావిడ కచ్చితంగా ఇది పెడుతుందని పందెం, అప్పుడు ఆవిడ మిడిల్ స్కూల్లో ఉండాలి. ఈ పాటల్తో ఇదే చిక్కు, వయసు దాచలేం. ఎవరు ఏది పెట్టారో చూస్తే వాళ్ళు ఏ ఏడు బడి దాటారో అటూ ఇటూగా చెప్పేయొచ్చు. మోరియామా నవొతారో సకురా పెడితే 2003 ప్రాంతం, అంజెలా అకి పాట తెగామి పెడితే 2008 తర్వాత బడి దాటినవాళ్ళు, అది జపాన్ జాతీయ టీవీ ఎన్‌హెచ్‌కే వాళ్ళ బడిపిల్లల కోరస్ పోటీకి మిడిల్ స్కూలోళ్ళకిచ్చిన పాట కదా, ఆ ఏడు దేశమంతా ప్రాక్టీసు చేశారు. నాకా గొడవ లేదు, ఏది పాడినా నా వయసు బయటపడదు. మా టెన్త్ ఫేర్‌వెల్‌కి పాటే లేదు. చీరలు కట్టుకుని ఫొటో దిగాం, ముగ్గురు సార్లు ఉపన్యాసం ఇచ్చారు, సౌండ్ బాక్సులో ఆ నెల హిట్టయిన సినిమా పాటలు మోగాయి, స్లామ్ బుక్కులో అందరం ఒకే మాట రాసుకున్నాం, ఆఖరి పరీక్షయ్యాక తెల్ల చొక్కాల మీద ఇంకు చల్లుకున్నాం. అంతే.

మధ్యాహ్నం అన్నం తిన్నాక మాస్కు తగిలించుకుని అరకవా నది గట్టు మీదకెళ్ళా. అక్కడ గొంతెత్తినా ఎవరూ పట్టించుకోరు, అప్పుడప్పుడూ ఎవరో ఒకరు ట్రంపెట్ తెచ్చుకుని ఊదుతుంటారు కూడా. రెమియోరోమెన్ బ్యాండ్ వాళ్ళ సంగాత్సు కొకొనొకా ఎత్తుకున్నా, మార్చి 9 అని పేరు. 2004లో వచ్చింది, నేను టెన్త్ రాసిన ఏడాదే, అది కూడా ఒక కారణం. అసలు వాళ్ళు దీన్ని తమ ఫ్రెండ్ పెళ్ళి కోసం కట్టారు, ఆ పెళ్ళి మార్చి 9న. తర్వాతి ఏడు ఒక టీవీ సీరియల్లో క్లాసు పిల్లలంతా కలిసి పాడారు, అంతే, బడి పాటైపోయింది. తకెదా తెత్సుయా వాళ్ళ ఒకురు కొతొబా కూడా ఇంతే, 1979లో ఆయనే సారుగా వేసిన సీరియల్‌కి టైటిల్ పాట కాబట్టి దేశమంతా సార్లకీ పిల్లలకీ ముడిపెట్టుకుంది గానీ, రాసింది తనని వదిలేసిన అమ్మాయిని తలుచుకుని అని ఆయనే చెప్పాడు. పెళ్ళికి కట్టిందీ ప్రేమ పోయి రాసిందీ రెండూ బడి వీడ్కోలుకి భలే అతికాయి. గురువుల గొప్పా స్నేహం గొప్పా చెప్తామని కూర్చుని రాసిన వాటికన్నా ఇవే బాగున్నాయి, నా లెక్క అది.

ఈ ముక్క గ్రూపులో పెట్టానో లేదో మా టీమ్‌లో ఇరవై ఏడేళ్ళ జపాన్ అబ్బాయి తబిదాచి నో హి ని అనే పాట విన్నారా అని అడిగాడు. విన్నాను, మరీ బుద్ధిగా ఉంటుందని దాటేశా. అప్పుడు చెప్పాడు కథ. సైతామా ప్రిఫెక్చర్‌లో చిచిబు అని కొండల మధ్య ఊరు, అక్కడ కగెమోరి మిడిల్ స్కూల్, 1991. వెళ్ళిపోయే పిల్లలకి ఏదైనా ఇద్దాం, మాటలు రాసివ్వండి అని మ్యూజిక్ టీచరు హెడ్మాస్టర్‌ని అడిగితే నాకలాంటివి రావన్నాడట, మర్నాడు పొద్దున చూస్తే ఆవిడ బల్ల మీద కాగితం ఉంది. ఆవిడ పావుగంటలో మెట్టు కట్టిందంటారు. సార్లూ టీచర్లూ స్టేజెక్కి పిల్లల కోసం పాడారు, ఒక్కసారికే అనుకున్నారు, ఆ ఏడే హెడ్మాస్టర్ రిటైరయ్యాడు. ఇప్పుడు దేశమంతా పిల్లలు పాడేది అదే. అంటే నా లెక్క ఒక్క బుద్ధిమంతుడైన హెడ్మాస్టర్ దగ్గర తప్పింది. సరే, ఒక్కటేగా.

మరి నువ్వు పాడు అన్నా ఆ అబ్బాయితో. వాయిస్ మెసేజ్ పంపాడు, వింటే పాటలాగే లేదు, ఒకే చోట కిందకీ పైకీ ఊగుతూ, మధ్యలో రెండు లైన్లు ఖాళీ, మళ్ళీ సడెన్‌గా గట్టిగా. ఏంట్రా ఇది అనుకున్నా. విషయమేంటంటే బడిలో దీన్ని ఒకేసారి మూడు భాగాలుగా కలిపి పాడతారు, ఆడపిల్లలు రెండు భాగాలు, మగపిల్లలకి ఒకటి, ఇతనికి నేర్పింది మగపిల్లల భాగం, అసలు మెట్టు మిగతావాళ్ళు చూసుకునేవారు కాబట్టి ఎప్పుడూ పూర్తిగా పాడలేదట. పన్నెండేళ్ళయినా తన ముక్క ఒక్క స్వరం మర్చిపోలేదు, ఎక్కడ ఆగి ఊపిరి తీసుకోవాలో అది కూడా. గట్టు మీద నిలబడి ఇయర్‌ఫోన్‌లో అతని ముక్క పెట్టుకుని పైన నేను అసలు మెట్టు పాడి చూశా, రెండో లైనుకే కలిసింది, ఒళ్ళు జలదరించింది, నిజంగా. కుక్కని నడిపించుకుంటూ వెళ్తున్న పెద్దాయన ఒకసారి ఆగి చూసి వెళ్ళాడు.

కాబట్టి నా మొదటి పాట అదే, అతనితో కలిసి. ఒక్క భయం, మిషన్‌లో మార్కులు పెడితే స్క్రీన్ మీద గీతలన్నీ పైమెట్టువే వస్తాయి, అతను కరెక్టుగా పాడినా తప్పనే చూపిస్తుంది, మార్కులు ఆపేయమని ముందే చెప్పాలి. రెండోది సంగాత్సు కొకొనొకా, కీ రెండు తగ్గించి, పై స్వరం నాకు అందట్లేదు. సకురా పెడదామని చాలా ఆశ గానీ ఆ సన్న గొంతు జోలికి వెళ్ళకపోవడమే మంచిది.

పెద్దావిడ ఏం పెడుతుందో అడిగితే చెప్పలేదు, బొమ్మ పంపింది, అందులో పిల్లి నోరు మూసుకుని ఉంది. సైతో యుకి కాకపోతే మధ్యాహ్నం భోజనం నేను కొనిపెడతా.

రాత్రి తొమ్మిదింటికి మా వాడు మళ్ళీ మెసేజ్. స్క్రీన్ మీద కాంజీ పైన చిన్నగా హిరగానా, అదే పలికేట్టు రాసే తేలిక అక్షరాలు, వేస్తార్రా అంటే అది చదివేలోపు లైను వెళ్ళిపోతుందక్కా, మొత్తం తెలుగు లిపిలో రాసిపెట్టవా అంటాడు. రాస్తున్నా. ఆరు నిమిషాల పాట కదా, ఇప్పటికి మొదటి చరణమే అయింది, మిగతాది రేపు వాడే వచ్చి కూర్చుని రాసుకుంటాడు, ఉప్మా పెడతానని పిలిచా.