యేసయ్యా అని పిలుస్తూ నరసాపురం దాకా

అమ్మ ప్రభువు దగ్గరకు వెళ్లి ఏడాది నిండిన రోజున నేనూ వదినా పాలకొల్లు నుంచి నరసాపురానికి నడిచి వెళ్లాం. తెల్లవారకముందే కాలువ గట్టు ఎక్కాం. దారి పొడవునా ఒకే ప్రార్థన చెప్పుకోవాలని నా ఆశ: "ప్రభువైన యేసుక్రీస్తూ, దేవుని కుమారుడా, పాపినైన నన్ను కరుణించు."

తూర్పు ఆర్థడాక్స్ సంఘాల సన్యాసులు ఊపిరితో కలిపి చెప్పుకునే యేసు ప్రార్థన ఇది. గ్రీసులోని అథోస్ కొండ మఠాల్లో శతాబ్దాలుగా నిలిచి ఉంది. మాది బ్రదరన్ అనే ప్రొటెస్టెంట్ సంఘం, అందులో ఈ అలవాటు లేదు. మత్తయి ఆరో అధ్యాయంలో ప్రభువే వ్యర్థమైన మాటలు వద్దన్నాడు కదా అని నేనూ చాలాకాలం జంకాను. ఆ జంకు తీర్చింది యెరికో దారిలోని గుడ్డి బర్తిమయి. జనం ఊరుకోమని గద్దించినకొద్దీ "దావీదు కుమారుడా, నన్ను కరుణించు" అని ఇంకా గట్టిగా అరిచాడు. యేసు ఆగాడు. ఆపదలో ఉన్నవాడి పిలుపు వ్యర్థం ఎలా అవుతుంది?

మొదట లెక్కపెట్టాను. వరిచేల మీద ఎండ పడేసరికి లెక్క తప్పింది, అమ్మ గుర్తొచ్చింది. నాట్లకు వంగినా, నీళ్ల బిందె ఎత్తినా "యేసయ్యా" అనేది. పక్షవాతంతో మాటలన్నీ పోయాక ఆ ఒక్కటే మిగిలింది. మంచినీళ్లకూ అదే, నొప్పికీ అదే, నన్ను పిలవడానికీ అదే. మన భాషలో ఆ పేరు చివర 'అయ్యా' చేరుతుంది. తండ్రిని పిలిచినట్టే ఉంటుంది. అమ్మకు వేరే ప్రార్థన అక్కరలేకపోయింది.

నరసాపురంలో కాసేపు మౌనంగా కూర్చున్నాం. మిషనరీలైన బౌడెన్ దంపతులు, బీర్ దంపతులు 1836లో ఇంగ్లండు నుంచి బయలుదేరి వచ్చి, ఈ ఊళ్లో సువార్త పని మొదలుపెట్టారు. అప్పటికి గోదావరి నీళ్లను ఈ చేలకు మళ్లించే ధవళేశ్వరం ఆనకట్టే లేదు. దాని పని మొదలైంది 1847లో. మేము నడిచి వచ్చిన ఈ పచ్చదనాన్ని వాళ్లు వచ్చిన కొత్తలో చూసి ఉండరు.

మధ్యాహ్నం పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటాం. సఖినేటిపల్లి రేవులో దిగుతుంటే తడి చెక్క మీద నా కాలు జారింది. ఉదయం నుంచి చెప్పుకున్న ప్రార్థన నోటికి రాలేదు.

"యేసయ్యా!"

వదిన నా చెయ్యి పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"అచ్చం అత్తయ్య గొంతు" అంది.