గునుపూడి చంద్రుడు

పంచారామాలు చూడాలని అమ్మకు ఎప్పటినుంచో కోరిక. భీమవరం దగ్గర గునుపూడి సోమారామానికి మాత్రం పౌర్ణమి నాడే వెళ్లాలని నా పట్టుదల. అందుకే రద్దీ సంగతి తెలిసినా కార్తీక పౌర్ణమికే బయల్దేరాం.

తారకాసురుడి కంఠంలోని లింగం అయిదు ముక్కలై పడితే, ఇక్కడి ముక్కను చంద్రుడు ప్రతిష్ఠించాడంటారు. అమావాస్యకు నల్లబడే లింగం పౌర్ణమికి తెల్లబడుతుందని ప్రతీతి.

చంద్రపుష్కరిణి దగ్గర కాళ్లు కడుక్కుని క్యూలో నిలబడ్డాం. అమ్మ అంతసేపు నిలబడగలదా అని నాకు టెన్షన్. ఆవిడేమో ముందున్నావిడతో వత్తుల లెక్కలు మాట్లాడుతోంది.

నాకు ఆ క్యూలో గుర్తొచ్చినవి ప్రబంధాల్లోని చంద్రోపాలంభనాలు. విరహంలో ఉన్న నాయిక చేత చంద్రుణ్ని తిట్టించడానికే మన కవులు ప్రత్యేకంగా పద్యాలు రాశారు. మిగతా చోట్ల ముఖానికి, నవ్వుకు పోలికగా వాడుకున్న చంద్రుడే ఇక్కడ నిప్పులు కురిపిస్తాడు. ఒంటి మీది మచ్చ, నెలకోసారి పట్టే క్షయం, గురుపత్ని తారతో నడిపిన వ్యవహారం, ఏదీ వదలరు. చదువుతుంటే నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా వేస్తుంది.

సోమారామం స్థలపురాణం సరిగ్గా ఆ తార దగ్గరే మొదలవుతుంది. గురువు బృహస్పతి భార్యను మోహించిన పాపం పోగొట్టుకోవడానికి చంద్రుడు ఈ శివుణ్ని కొలిచాడట. దక్షుడి శాపం, క్షయం కథేమో గుజరాత్‌లోని సోమనాథ్‌ది. కవులు ఎత్తిపొడిచిన నేరాలకే రెండు చోట్లా క్షమాపణ దొరికింది. శిల్పులు కూడా శివుడి జటలో చెక్కేది నెలవంకనే, నిండు చంద్రుణ్ని కాదు. అరిగిపోయిన వాడికే ఆ చోటు దక్కింది మరి.

దర్శనం రెప్పపాటు. లింగం తెల్లగానే కనిపించింది. అయితే అభిషేకం పాలు, విభూతి, దీపాల వెలుగు అన్నీ కలిసిన చోట అది చంద్రుడి పనేనని నేను సాక్ష్యం చెప్పలేను. "నీకన్నీ అనుమానాలే" అంది అమ్మ.

పైఅంతస్తులో, సరిగ్గా లింగానికి పైన, అన్నపూర్ణమ్మ గుడి ఉంది. శివుడి నెత్తి మీద అమ్మవారి గుడి నేను ఇంకెక్కడా చూడలేదు. అమ్మ అక్కడే ఎక్కువసేపు కూర్చుంది.

తర్వాత పాలకొల్లు బస్సెక్కాం. అక్కడి క్షీరారామంలో లింగం ఏ తిథికైనా తెలుపే. అమ్మకు అదే నచ్చింది. నాకు మాత్రం గునుపూడికి ఓ అమావాస్య నాడు మళ్లీ వెళ్లాలని ఉంది.