ముక్తినాథ్ యాత్ర: గాలి, ఇసుక, సాలగ్రామం

హిమాలయం కదా అని స్వెట్టర్లు, మంకీ క్యాపులు బాగానే సర్దుకున్నాం గానీ మొహానికి కట్టుకోడానికి ఒక్క తువ్వాలు పెట్టుకోలేదు. వెళ్ళేవాళ్ళు ముందు అది పెట్టుకోండి.

నేపాల్‌లో పోఖరా నుంచి, ముక్తినాథ్ దారిలో ఉండే జోమ్‌సోమ్‌కి చిన్న విమానాలు పొద్దున పూటే తిరుగుతాయి, మాది క్యాన్సిల్ అయింది, ఇక చేసేదేముంది జీపెక్కాం. ఘాసా దాకా జలపాతాలు, అడవి. అక్కణ్ణుంచి చెట్లు పలచబడుతూ పలచబడుతూ, మార్ఫా ఆపిల్ తోటలు దాటాక మట్టి కొండలే. ఒకపక్క ధవళగిరి, ఇంకోపక్క అన్నపూర్ణ, రెండూ 8,000 మీటర్ల పైనే, వానమబ్బుని అవతలే ఆపేస్తాయి. పోఖరాలో ఏడాదికి 3,500 మిల్లీమీటర్ల పైన వాన, జోమ్‌సోమ్‌లో 300 దరిదాపుల్లోనే. కాళీగండకిని చూసి అమ్మ "ఇదేంట్రా, మన పెన్న లాగే ఉంది" అంది. నిజమే, ఇంత వెడల్పున గులకరాళ్ళు, మధ్యలో బూడిదరంగు నీళ్ళు నాలుగు పాయలుగా.

పదకొండు దాటిందో లేదో గాలి మొదలైంది. ఎండకి పైన పీఠభూమి వేడెక్కితే కింద నుంచి గాలంతా ఈ లోయలోంచే పైకి లాక్కుంటుందట. విమానాలు పొద్దున్నే ఎందుకో అప్పుడర్థమైంది.

గుడి 3,700 మీటర్ల పైన. 108 ధారల కింద పరిగెత్తాం, పన్నెండో ధారకే నెత్తి తిమ్మిరెక్కింది, అమ్మ మాత్రం నారాయణా అనుకుంటూ అన్నీ పూర్తి చేసింది. పక్కనే జ్వాలామాయి గుడిలో బౌద్ధ సన్యాసినులు చూసుకునే చిన్న నీలం మంట, నేలలోంచి వచ్చే గ్యాసుతో వెలుగుతుంది.

నాకు గుడికన్నా తిరిగొచ్చేటప్పుడు కాగ్‌బేని దగ్గర ఏట్లో దిగిన గంటే ఎక్కువ గుర్తుంది. అక్కడొకామె నల్లరాయి ఒకటి తీసుకుని ఇంకో రాయితో టక్కున కొట్టింది, రెండు చెక్కలైంది, లోపల చుట్టలు చుట్టుకున్న చక్రం, గీతలు కూడా లెక్కపెట్టొచ్చు. సాలగ్రామమే. అది 14 కోట్ల ఏళ్ళ కిందటి సముద్రపు నత్తలాంటి జీవి, ఇక్కడ కొండలు లేవక ముందు టెథిస్ సముద్రం ఉండేది అని అమ్మకి చెప్పాను. మా ఇంట్లో తాతల నాటి సాలగ్రామం ఉంది, రోజూ తులసి వేసి అభిషేకం చేసేది ఆవిడే.

కాసేపు ఆ చెక్కని అటూ ఇటూ తిప్పి చూసింది. "సముద్రంలో పడుకునేది ఆయనేగా, ఇందులో వింతేముంది" అని కొంగులో ముడేసుకుంది.

రాత్రి రూంలో తల దువ్వుకుంటే దువ్వెన నిండా ఇసుక.