మందు కలిపిన సమయం రాయమంటే అంత కోపమెందుకు?

నెల్లూరు ఆసుపత్రిలో మా నాయనను డిశ్చార్జి చేస్తూ, మిగిలిన మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ కోర్సును కావలిలో ఇంటి దగ్గరే పూర్తి చేసుకోవచ్చని డాక్టరు గారు చెప్పడంతో మాకు ప్రాణం లేచివచ్చింది. పిక్ లైను (మందు ఎక్కించడానికి చేతి నరంలో ఉంచే సన్నని గొట్టం) వేయించడం, మందులు కొనడం, బీమా కాగితాలు ఏ ఇబ్బందీ లేకుండా ముగిశాయి.

చిక్కంతా ఇంటికి నర్సులను పంపే ఏజెన్సీతోనే వచ్చింది. ఎనిమిది గంటలకొక డోసు చొప్పున ఎక్కించవలసి ఉండగా, ఉదయం వచ్చిన నర్సు మూడు వయళ్ళనూ ఒకేసారి సెలైన్‌లో కలిపి, ఒకటి ఎక్కించి, మిగిలిన రెండు సీసాలను తర్వాత వచ్చేవారి కోసం బల్ల మీద పెట్టి వెళ్ళేది. వాటి మీద మందు పేరు గానీ, కలిపిన సమయం గానీ ఉండేవి కావు. పెట్టెలోని కాగితమేమో, సెలైన్‌లో కలిపిన మందును 25 డిగ్రీలకు మించని చోట ఒక గంటలోపు, 5 డిగ్రీల చలిలో ఉంచితే 15 గంటలలోపు వాడాలంటోంది. మే నెలలో కావలిలో 25 డిగ్రీల బల్ల ఎవరింట ఉంటుంది?

కలిపిన సమయం రాయించమని ఏజెన్సీ సూపర్‌వైజరును ఫోనులో అడిగితే, మా బావగారు వింటుండగానే, "మీరు డాక్టరా? నర్సింగు చదివారా? మందు నీళ్ళలా తేటగానే ఉంది కదండీ!" అని నవ్వాడు. తేటగా ఉన్నంత మాత్రాన మందులో బలం ఉన్నట్టు కాదు. మెరోపెనెమ్‌లో క్రిముల మీద పనిచేసే భాగమైన బీటా-లాక్టమ్ వలయాన్ని నీరే విడగొడుతుంది. వేడి పెరిగేకొద్దీ ఆ పని వేగంగా సాగుతుంది, కంటికి మాత్రం ఏమీ కనబడకపోవచ్చు. ఫ్రిజ్‌లో పెడితే ఆ వేగం తగ్గుతుందే గానీ ఆగదు. పైగా ఇంట్లో కలిపిన సీసాలోకి సూక్ష్మజీవులు చేరితే అది మరో ప్రమాదం. సెఫ్‌ట్రయాక్సోన్ అనే మరో యాంటీబయాటిక్‌ను ఇలాగే కలిపి ఉంచుతామని ఆ సూపర్‌వైజరు వాదించాడు. అది ఇంతకంటే ఎక్కువసేపు నిలిచే మాట నిజమే, కానీ ఒక మందు గడువును మరో మందుకు అంటగట్టడం పక్కింటివారి రేషన్ కార్డుతో మన బియ్యం తెచ్చుకోవడం లాంటిది.

చివరికి డాక్టరు గారి చేత, ప్రతి డోసునూ ఎక్కించే ముందే సెలైన్‌లో కలపాలని, డెక్స్ట్రోజ్ (గ్లూకోజ్ ద్రవం) వాడకూడదని రాయించి సంతకం తెచ్చాను. డెక్స్ట్రోజ్‌లో ఈ మందు ఇంకా త్వరగా చెడుతుంది. ఆ కాగితం చూశాక ఏజెన్సీ వారు నోరెత్తలేదు. ప్రతి సీసాకూ ప్లాస్టరు ముక్క అంటించి సమయం రాయసాగారు. మీరు మాత్రం ఏ ద్రవంలో కలపాలో, కలిపాక ఎంతసేపు ఉంచవచ్చో డిశ్చార్జి కాగితంలోనే రాయించుకోండి.

నిన్నటితో కోర్సు పూర్తయింది. ఏజెన్సీ బిల్లు చెల్లించాను, రేటింగ్ అడిగితే మాత్రం ఇవ్వలేదు.