సైన్స్ కోర్సు కింద ఉండే చిన్న అక్షరాలు

మా చిన్నది ఎనిమిదో క్లాసు. మేముండేది డాలస్ పక్కన. సంక్రాంతి ముగ్గులు ఇంకా గరాజ్ ముందు చెరిగిపోకుండానే స్కూల్ నుంచి వచ్చే ఏడాది హైస్కూల్‌కి కోర్సులు ఎంచుకోమని ఫారం వచ్చింది. నేనింకా మొదటి పేజీ కూడా తిప్పలేదు, మా ఆయన సోఫాలోంచే "ఏపీ ఫిజిక్స్ సీ ఎప్పుడు తీసుకుంటుంది?" అన్నారు. అదేమో కాలిక్యులస్‌తో చెప్పే కాలేజీ స్థాయి ఫిజిక్స్. పిల్ల ఇంకా బయాలజీ పుస్తకం తెరవలేదు, కాలిక్యులస్ అంటే ఏమిటో తెలీదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఆయన్ని అనడం ఎందుకులెండి, నాలుగేళ్ళ క్రితం పెద్దవాడప్పుడు నేనూ అంతే. కోర్సుల పేర్లు చూశాను, పేరు ముందు ఏపీ అని ఉందా లేదా చూశాను. ప్రతి కోర్సు కింద చిన్న అక్షరాల్లో ప్రీరిక్విజిట్ అని, ముందు ఏమేం చదివి ఉండాలో చెప్పే ఒక లైన్ ఉంటుంది చూడండి, అది మాత్రం చదవలేదు. మన అలవాటులో అది లేదు. మనకి పదో తరగతి అయ్యాక ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఇంట్లో పెద్దవాళ్ళు కూర్చుని ఎంపీసీనా బైపీసీనా అని తేల్చేస్తారు. ఆ తర్వాత రెండేళ్ళు ఏ సబ్జెక్టు ఎప్పుడు రావాలో మనం ఆలోచించేది లేదు, అన్నీ కట్టగట్టి ఒకేసారి వచ్చి మీద పడతాయి.

అలాగని మన ఇంటర్‌లో ప్రీరిక్విజిట్లు లేవా అంటే ఉన్నాయి, ఎవరూ ఆ పేరు పెట్టలేదంతే. ఫస్టియర్ ఫిజిక్స్‌లో రెండో వారమో మూడో వారమో మా సార్ తక్షణ వేగం అని చెప్పి బోర్డు మీద డీఎక్స్ బై డీటీ రాశారు. ఎవరికీ అర్థం కాలేదు. ఎందుకంటే అప్పట్లో డిఫరెన్షియేషన్ ఉండేది మ్యాథ్స్ 1బీలో, అదీ సరళరేఖలు, త్రీడీ, లిమిట్స్ అన్నీ అయ్యాక చివర్న. ఇంటిగ్రేషన్ అయితే సెకండియర్ 2బీలో. కానీ అది కావలసిన పని, శక్తి పాఠం ఫస్టియర్ ఫిజిక్స్‌లోనే వచ్చేసేది. "ఇప్పటికి ఈ రెండు ఫార్ములాలు బట్టీ కొట్టేయండి, ఎందుకో లెక్కల సార్ తర్వాత చెప్తారు" అన్నారు మా సార్. బట్టీ కొట్టాం. లెక్కల సార్ చెప్పేసరికి ఆ ఫిజిక్స్ పాఠం ఎప్పుడో అయిపోయింది, మార్కులు కూడా వచ్చేశాయి, ఆ రెండింటికీ సంబంధం ఉందని నాకు నిజంగా అర్థమైంది బీటెక్‌లో.

ఇక్కడ అలా కాదు. ఏ కోర్సుకి ఆ కోర్సు ఏడాది పాటు విడిగా నడుస్తుంది. మామూలుగా తొమ్మిదిలో బయాలజీ, పదిలో కెమిస్ట్రీ, పదకొండులో ఫిజిక్స్. ఆ పైన ఏపీలు (ఆంధ్రప్రదేశ్ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. మా అత్తగారు ఇప్పటికీ "పిల్లాడు ఏపీ కెమిస్ట్రీ అంటే మన ఊరి సిలబస్సేనా" అని అడుగుతారు). ఏపీ బయాలజీకి, ఈ ఏపీ పరీక్షలు పెట్టే కాలేజ్ బోర్డు వాళ్ళు ముందు హైస్కూల్ బయాలజీ, కెమిస్ట్రీ రెండూ అయి ఉండాలంటారు. ఏపీ కెమిస్ట్రీకి మామూలు కెమిస్ట్రీ, దాంతో పాటు ఆల్జీబ్రా 2. ఏపీ ఫిజిక్స్ 1కి జామెట్రీ అయిపోయి ఉండాలి, ఆల్జీబ్రా 2 కనీసం పక్కన నడుస్తూ ఉండాలి. ఫిజిక్స్ సీకి కాలిక్యులస్ అయి ఉండాలి, లేదా అదే ఏడాది చదువుతూ ఉండాలి. ఇవి కాలేజ్ బోర్డు సలహాలే, అసలు రూలు పెట్టేది మీ స్కూల్ డిస్ట్రిక్ట్, కొన్నిచోట్ల గట్టిగా ఉంటుంది, కొన్నిచోట్ల తల్లిదండ్రులు ఒక సంతకం పెడితే వదిలేస్తారు.

పై నాలుగు వాక్యాలు ఇంకోసారి చదవండి. సైన్స్ కోర్సుల గురించి చెప్తున్నానా, లెక్కల గురించా? ఇది నాకు పెద్దవాడు పదో క్లాసుకి వచ్చాక గానీ తట్టలేదు. సైన్స్ కోర్సు ఏది ఎప్పుడు తీసుకోవచ్చో తేల్చేది లెక్కలు, లెక్కలు ఏవి ఎప్పుడో తేలేది ఆరో క్లాసులో. వరస చూడండి: ఆల్జీబ్రా 1, జామెట్రీ, ఆల్జీబ్రా 2, ప్రీకాలిక్యులస్, కాలిక్యులస్, ఏడాదికి ఒకటి. తొమ్మిదిలో ఆల్జీబ్రా 1తో మొదలుపెట్టిన పిల్లలు పన్నెండు అయ్యేసరికి ప్రీకాలిక్యులస్ దగ్గర ఆగుతారు, మధ్యలో ఎండాకాలం క్లాసో, ఒకే ఏడాది రెండు లెక్కలో పెట్టుకుంటే తప్ప. వాళ్ళకి ఫిజిక్స్ సీ తలుపు మూసుకుపోయినట్టే. ఎనిమిదిలో ఆల్జీబ్రా 1 చదివితే కాలిక్యులస్ పన్నెండులో, ఏడులో చదివితే పదకొండులో. అంటే పదకొండేళ్ళ పిల్ల ఆరో క్లాసులో ఏ లెక్కల సెక్షన్‌లో కూర్చుందన్నది ఆరేళ్ళ తర్వాత ఫిజిక్స్ ల్యాబ్‌లో కనిపిస్తుంది. అప్పట్లో ఆ సెక్షన్ కోసం టెస్ట్ ఉంటుందని కూడా చాలామందికి తెలిసేది కాదు, తెలిసిన ఇళ్ళ పిల్లలు రాసేవాళ్ళు. టెక్సస్‌లో 2023లో ఎస్‌బీ 2124 అని ఒక చట్టం చేశారు, అయిదో క్లాసు రాష్ట్ర పరీక్షలో లెక్కల్లో పై 40 శాతంలో ఉన్నవాళ్ళని ఎవరూ అడక్కుండానే ఆరులో అడ్వాన్స్‌డ్ మ్యాథ్‌లో వేస్తారు, వద్దనుకుంటే తల్లిదండ్రులే చెప్పి మాన్పించుకోవాలి. ఇంత మంచి చట్టం గురించి మన వాళ్ళ పార్టీల్లో ఒక్కరు మాట్లాడగా వినలేదు, మాటలన్నీ ఏ ట్యూషన్ సెంటర్ బాగుందన్న దాని మీదే.

సరే, మా పెద్దవాడి కథ. తొమ్మిదిలో బయాలజీ, జామెట్రీ చదివాడు, మంచి మార్కులు. పదిలో కెమిస్ట్రీ తీసుకోవాలి. వాడి స్నేహితుల్లో ఇద్దరు మామూలు కెమిస్ట్రీ వదిలేసి నేరుగా ఏపీ కెమిస్ట్రీలోకి వెళ్తున్నారు. ఏపీకి జీపీఏలో, అంటే గ్రేడ్ల సగటులో, ఎక్కువ వెయిట్ ఉంటుంది. ఇక్కడ 1997 నుంచి ఒక చట్టం ఉంది, హైస్కూల్‌లో పై పది శాతంలో ఉన్నవాళ్ళకి రాష్ట్ర యూనివర్సిటీల్లో సీటు ఖాయం. యూటీ ఆస్టిన్‌కి మాత్రం అది ఆరు శాతానికి వచ్చి, 2026 ఫాల్ నుంచి అయిదు శాతం అయింది. ఈ అయిదు, ఆరు అనే అంకెలు ఇళ్ళల్లో ఎంత టెన్షన్ పెడతాయో చెప్పలేను, పాయింట్‌లో పదో వంతు కోసం పిల్లల్ని పందెం కోళ్ళలా తయారు చేస్తున్నాం. కోర్సుల సలహాలిచ్చే స్కూల్ కౌన్సిలర్ ఒకసారి కాదు రెండుసార్లు చెప్పింది, "వాడికి కెమిస్ట్రీ లేదు, ఆల్జీబ్రా 2 కూడా అయిపోలేదు, ఈ ఏడాదే చదువుతాడు" అని. అయినా సరే చేర్చుకోమని రాసిచ్చే వేవర్ ఫారం మీద సంతకం పెట్టింది నేనే.

ఎండాకాలం సెలవుల్లో అయాన్ల పేర్లు, చార్జీల లిస్టు ఇచ్చి బట్టీ పట్టమన్నారు. బట్టీ విషయంలో మన రక్తం ఎక్కడికి పోతుంది, వారంలో అప్పజెప్పేశాడు. ఆగస్టులో స్కూల్ తెరిచారు, మోల్ గురించి వారంలోపే ముగించేశారు, ఎందుకంటే అది అందరికీ వచ్చనే లెక్కలో కోర్సు నడుస్తుంది. మొదటి టెస్టులో 58. నేను వంటింట్లో కూర్చోబెట్టి లిమిటింగ్ రియేజెంట్ చెప్పాను. ఇడ్లీకి ఒక గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల రవ్వ, మన దగ్గర మూడు గ్లాసుల పప్పు, నాలుగు గ్లాసుల రవ్వ ఉంటే ఏది ముందు అయిపోతుంది? "రవ్వ, ఒక గ్లాసు పప్పు మిగులుతుంది" అన్నాడు టక్కున. అబ్బ, వచ్చేసిందనుకున్నా. రెండు గ్రాముల హైడ్రోజన్, 32 గ్రాముల ఆక్సిజన్ కలిపి నీళ్ళు చేస్తే ఏది ముందు అయిపోతుంది అంటే హైడ్రోజన్ అన్నాడు. కరెక్టే. ఎందుకురా అంటే "రెండు తక్కువ కదమ్మా" అన్నాడు. కొంప మునిగింది. నాలుగు గ్రాముల హైడ్రోజన్, 16 గ్రాముల ఆక్సిజన్ ఇస్తే మళ్ళీ హైడ్రోజనే అన్నాడు, నిజానికి అక్కడ అయిపోయేది ఆక్సిజన్, రెండు గ్రాముల హైడ్రోజన్ మిగులుతుంది.

గ్లాసుల్లో ఇస్తే వచ్చింది, గ్రాముల్లో ఇస్తే పోయింది. బరువులోంచి లెక్కలోకి మారడమే మోల్ అన్న సంగతి మామూలు కెమిస్ట్రీలో నెలల తరబడి రకరకాలుగా చేయించి చేతికి అలవాటు చేస్తారు, వాడికి ఆ నెలలు లేవు. ముందు ముందు పీహెచ్ వస్తుంది, దానికి లాగరిథమ్స్ కావాలి, అవి వాడి ఆల్జీబ్రా 2లో రెండో సెమిస్టర్‌కి గానీ రావు. తక్షణ వేగం బోర్డు మీద రాసిన మా సార్ గుర్తొచ్చారు. పాతికేళ్ళ తర్వాత మా అబ్బాయికి అదే గతి నేను సంతకం పెట్టి మరీ పట్టించాను.

తొమ్మిది వారాలయ్యాక వాణ్ణి మామూలు కెమిస్ట్రీ ఆనర్స్‌కి మార్పించాం. మార్చేటప్పుడు ఆ ఏపీ గ్రేడు కూడా వెంట వస్తుందని ఆఫీసులో చెప్పారు, వచ్చింది, ఆ ఏడాది జీపీఏ మేం ఏ పదో వంతు కోసం ఎగిరామో దానికి రెండింతలు పడిపోయింది. వాడు నెల రోజులు మాతో సరిగ్గా మాట్లాడలేదు. పదకొండులో అదే ఏపీ కెమిస్ట్రీ మళ్ళీ తీసుకున్నాడు, మే పరీక్షలో అయిదుకి 4 వచ్చింది. స్నేహితులిద్దరిలో ఒకడు దూకి గట్టున పడ్డాడు, అది కూడా చెప్పాలి, వాడు వాళ్ళ నాన్న దగ్గర ముందే అంతా చదివేసి వచ్చాడట. అంటే ప్రీరిక్విజిట్ వాడికీ తప్పలేదు, ఇంట్లో అయింది అంతే.

ఫిజిక్స్ విషయంలో మా ఆయన వంతు వచ్చింది. ఏపీ ఫిజిక్స్ 1 కాలిక్యులస్ లేనిది కాబట్టి ఈజీ అని ఆయన తీర్పు. కాలేజ్ బోర్డు వాళ్ళ లెక్కల్లోనే చాలా ఏళ్ళు ఆ పరీక్ష రాసినవాళ్ళలో సగం మందికి కూడా పాస్ లెక్క అయిన 3 రాలేదు! నెట్‌లోంచి పాత పేపర్లు ప్రింట్ తీసి శనివారాలు కూర్చున్నారు, సగంలో వాడు "నాన్నా, వీటిలో ఫ్లూయిడ్సే లేవు, మాకున్నాయి" అన్నాడు. 2024-25 నుంచి ఆ పాఠాన్ని ఫిజిక్స్ 2లోంచి ఒకటికి మార్చారు. అది పోనీ, అసలు గొడవ వేరే. ఈయన ఎంసెట్ పద్ధతిలో ఫార్ములా పెట్టి నిమిషంలో జవాబు తేల్చి పెన్ను కింద పెట్టేస్తారు, వాడేమో "జవాబు కాదు నాన్నా, స్పీడ్ పెరుగుతుందో తగ్గుతుందో ఎందుకో లెక్క చెయ్యకుండా మాటల్లో రాయమన్నాడు" అంటాడు. ఆయన ఆ మాటలు రాయలేకపోయారు. ఎంపీసీలో 92 శాతం తెచ్చుకున్న మనిషి.

అసలు బయాలజీ ముందు ఎందుకు అని కూడా నాకో పేచీ ఉంది. 1988లో ఫిజిక్స్ నోబెల్ తీసుకున్న లియాన్ లెడర్‌మన్ ముసలితనంలో దీని మీదే పోట్లాడాడు, ఫిజిక్స్ ముందు, తర్వాత కెమిస్ట్రీ, ఆ తర్వాత బయాలజీ ఉండాలని. ఇప్పుడున్నది ఏబీసీడీల వరసే కదా, బీ, సీ, పీ. ఈ కాలం బయాలజీ అంటే కప్పని కోయడం కాదు, మొదటి యూనిట్‌లోనే ప్రోటీన్లు, లిపిడ్లు, నీటిలో హైడ్రోజన్ బంధాలు. బంధం అంటే ఏమిటో చెప్పే కెమిస్ట్రీ మరుసటి ఏడాది. దాంతో తొమ్మిదిలో పిల్లలు బయాలజీని బొమ్మలు గీసి బట్టీ పడతారు, రాష్ట్రం పెట్టే బయాలజీ పరీక్ష గట్టెక్కుతారు, మర్చిపోతారు. అయితే ఫిజిక్స్ ముందు పెడితే మళ్ళీ లెక్కలు అడ్డం, తొమ్మిదిలో అందరికీ ఆ ఆల్జీబ్రా ఉండదు. ఎటు తిప్పినా ఆరో క్లాసు దగ్గరికే వచ్చి ఆగుతుంది.

చిన్నదానికి ఈసారి స్కూల్ వాళ్ళ కోర్సుల పుస్తకం వెనక నుంచి చదివాను. ముందు పన్నెండో క్లాసు కోర్సు, దాని కింద చిన్న అక్షరాలు, అందులో ఉన్నది ఎక్కడుందో వెతికి దాని కింద చిన్న అక్షరాలు, అలా తొమ్మిది దాకా. అది ఈ ఏడాది ఆల్జీబ్రా 1 చదువుతోంది కాబట్టి తొమ్మిదిలో జామెట్రీ, బయాలజీ, పదిలో ఆల్జీబ్రా 2, కెమిస్ట్రీ, కాలిక్యులస్ పన్నెండులో. కాబట్టి ఫిజిక్స్ సీ తీసుకుంటే ఆ పన్నెండులోనే, అన్న ఇప్పుడు చదువుతున్నట్టు పక్కన కాలిక్యులస్ పెట్టుకుని. తొమ్మిదిలో జామెట్రీ, ఆల్జీబ్రా 2 రెండూ పెట్టేస్తే పదకొండులోనే అయిపోతుంది కదా అని మా ఆయన కాగితం మీద వేసి చూపించారు. పెద్దవాడు ఫ్రిజ్ దగ్గర నుంచి తిరిగి చూశాడు, ఏమీ అనలేదు. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

చివరికి ఒక్క గడి ఖాళీగా మిగిలింది, ఇష్టమైన కోర్సు రాసుకోవచ్చు. కుండలు చేసే క్లాసు, సెరామిక్స్, కావాలంది చిన్నది. పేజీ తీస్తే దాని కిందా చిన్న అక్షరాలు, ముందు ఆర్ట్ 1 అయి ఉండాలట. "మట్టికి కూడానా!" అన్నారు మా ఆయన. అది ఆర్ట్ 1 రాసి ఫారం పంపించేసింది.