ఖాళీ క్లిప్ కనిపించే సాకెట్ రెయిల్ కావాలి

పని ముగిసి బానెట్ మూసే ముందు టూల్ బాక్స్‌ను ఒక్కసారి చూస్తే, ఏ సాకెట్ (నట్టు మీద తొడిగి తిప్పే గొట్టంలాంటి పనిముట్టు) ఇంకా ఇంజిన్ దగ్గరే ఉండిపోయిందో తెలిసిపోవాలి. సాకెట్లను క్లిప్పులకు తగిలించి వరుసగా ఉంచే పట్టీని, అంటే సాకెట్ రెయిల్‌ను, కొనేటప్పుడు నా మొదటి షరతు ఇదే. విమానాల మరమ్మతుల్లో ప్రతి పనిముట్టుకూ ఫోమ్‌లో దాని ఆకారంలోనే గుంట కోసి ఉంచుతారు. ఏ గుంట ఖాళీగా ఉన్నా ఆ పనిముట్టు ఎక్కడుందో తేలాల్సిందే. ఇంటి టూల్ బాక్స్‌కు అంత ఏర్పాటు అక్కర్లేదు, మంచి రెయిల్ ఒకటి చాలు.

సెట్‌తో పాటు వచ్చే ప్లాస్టిక్ పెట్టెలోనూ ఖాళీ కనిపిస్తుంది కదా అనవచ్చు. నిజమే, కానీ అది సగం టూల్ బాక్స్‌ను ఆక్రమిస్తుంది. తర్వాత విడిగా కొన్న సాకెట్‌కు అందులో చోటే ఉండదు.

రెయిల్ ఏ డ్రైవ్‌కు, అంటే సాకెట్ వెనక ఉండే చదరపు రంధ్రం ఏ కొలతకు, చేసిందో ముందు చూసుకోవాలి. 1/4, 3/8, 1/2 అంగుళాల డ్రైవ్‌లకు క్లిప్పులు వేర్వేరు. ఒకదాని క్లిప్ ఇంకోదానికి పనికిరాదు. ఆ తర్వాత చూడాల్సింది క్లిప్ పట్టీ మీద జరుగుతుందా లేదా అన్నది. 10 నంబరు (10 మిల్లీమీటర్ల నట్టుకు పట్టే) సాకెట్ సన్నగా ఉంటుంది. 24 నంబరుది వెలుపలి వ్యాసం 30 మిల్లీమీటర్లు దాటుతుంది. సమాన దూరంలో బిగించేసిన క్లిప్పులైతే చిన్నవాటి మధ్య చోటు వృథా అవుతుంది, పెద్దవి ఒకదానినొకటి ఒరుసుకుంటాయి. అందుకే జరిగే క్లిప్పులే తీసుకుంటాను. పట్టీ చివర మూతలు గట్టిగా ఉన్నాయో లేదో లాగి చూస్తాను. మూత ఊడితే క్లిప్పులు సాకెట్లతో సహా జారిపోతాయి.

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించాల్సింది పట్టు గురించి. మామూలు క్లిప్‌లో స్ప్రింగు మీద చిన్న గోళీ ఉంటుంది, అది సాకెట్ చదరపు రంధ్రంలోని గాడిలో పడి ఆపుతుంది. కొత్తలో బిగువుగా ఉండి, గ్రీసు అంటిన వేళ్లతో లాగితే సాకెట్ రాదు. వాడగా వాడగా వదులై, బాక్స్ ఎత్తగానే రాలిపోతుంది. కదలని డ్రాయర్‌లో పెట్టేవారికి ఇది సరిపోతుంది. చేత్తో మోసే బాక్స్‌కు మాత్రం సాకెట్‌ను కొద్దిగా తిప్పితే లాక్ అయ్యే రకమే కొనమంటాను. రెయిల్ తలకిందులైనా ఏదీ ఊడదు. తీయడానికి రెండో చెయ్యి కావాల్సి వస్తుంది, అయినా బాక్స్ అడుగున సాకెట్ల కోసం వెతుక్కోవడం కన్నా అది మేలు. అయస్కాంతం రెయిల్ అందంగా ఉంటుంది, తీయడం పెట్టడం చాలా సులువు. అయితే అది ఇనుప రజనును కూడా లాక్కుంటుంది. ఆ రజను సాకెట్‌కు అంటుకుని ఇంజిన్ దగ్గరకు చేరడం నాకు బొత్తిగా ఇష్టం లేదు.

అంగుళాల సాకెట్లు కూడా ఉన్నవాళ్లు వాటికి వేరే రంగు రెయిల్ పెట్టుకోవాలి. 19 మిల్లీమీటర్లకూ 3/4 అంగుళానికీ తేడా 0.05 మిల్లీమీటరే, ఏది పెట్టినా నడుస్తుంది. 14 నంబరు నట్టుకు 9/16 సాకెట్ తగిలిస్తే మాత్రం దాదాపు 0.3 మిల్లీమీటరు వదులు ఉంటుంది. తుప్పుపట్టి బిగుసుకున్న నట్టయితే దాని మూలలు అరిగిపోతాయి, ఇక అది ఊడిరావడం కష్టం. ఒకే రెయిల్ మీద రెండు రకాలూ కలిపితే తొందరలో చెయ్యి తప్పు సాకెట్ మీదికే వెళుతుంది.

రెయిల్ తెచ్చాక నేను చేసే పనులు రెండున్నాయి. సాకెట్‌ను చదరపు క్లిప్ మీద నాలుగు దిక్కుల్లో ఎలాగైనా పెట్టవచ్చు కాబట్టి, నంబరు చెక్కిన వైపు పైకి వచ్చేలా అన్నిటినీ సర్దుతాను. మిగిలిపోయిన క్లిప్పులను తీసి పక్కన పెట్టేస్తాను. అప్పుడు రెయిల్ మీద కనిపించే ప్రతి ఖాళీ తప్పిపోయిన సాకెట్‌దే అవుతుంది. అదనపు క్లిప్పులు వదిలేస్తే ఏ ఖాళీ దేనిదో తెలియదు.

డీప్ (పొడవాటి) సాకెట్లను మామూలువాటితో కలపను. పొడవు తేడా వల్ల రెయిల్ ఒక పక్కకు ఒరుగుతుంది, డ్రాయర్ మూసుకోదు. 1/2 అంగుళం డీప్ సాకెట్లయితే ఒక పొడవాటి పట్టీకి బదులు రెండు పొట్టివి తీసుకోండి. నిండిన రెయిల్‌ను ఒంటిచేత్తో ఎత్తగలగాలి.