ఐస్ మీద అడుగేసే ముందు కొలవండి

అమెరికాలోని మిన్నెసోటాలో చలికి గడ్డకట్టిన సరస్సుల మీద చేపలకు వెళ్ళే మనవాళ్ళలో కొందరు ఒడ్డున పాదముద్రలు చూసి ధైర్యం తెచ్చుకుంటారు. దయచేసి అలా చేయకండి. ఆ ముద్రలు నిన్నటివి.

ఒడ్డు నుంచే గడ్డపారతో ప్రతి అడుగుకీ ముందు గట్టిగా పొడవండి. నీళ్ళు పైకొస్తే వచ్చిన దారినే వెనక్కి తిరగండి. పార దిగకపోతే ఐస్‌ను తొలిచే పరికరం ఆగర్‌తో రంధ్రం వేసి, టేపు కొక్కేన్ని ఐస్ అడుగు అంచుకు తగిలించి మందం చూడండి. ప్రతి 150 అడుగులకూ మళ్ళీ కొలవాలి.

గట్టి, పారదర్శకమైన కొత్త ఐస్ అయితే నడకకు కనీసం 4 అంగుళాలు, మంచు మీద నడిపే బండి స్నోమొబైల్‌కు 5–7, చిన్న కారుకు 9–10. తెల్ల ఐస్‌ను సగంగానే లెక్కించాలి: 3 అంగుళాల పారదర్శక ఐస్ మీద 4 అంగుళాల తెల్లది ఉంటే మీ లెక్క 5 అంగుళాలే, 7 కాదు. తడిసిన మంచు గడ్డకట్టి తెల్ల ఐస్ అవుతుంది, లోపలంతా గాలి బుడగలే.

పైన పడిన మంచు దుప్పటిలా చలిని ఆపుతుంది, అందుకే దాని కింద ఐస్ నెమ్మదిగా పెరుగుతుంది. ఊటలు, వాగు కలిసేచోటు, వంతెన కింద ఎప్పుడూ పలచనే.

మార్చిలో మందాన్ని నమ్మొద్దు. ఎండకు ఐస్ నిలువు పుల్లల్లా విడిపోతుంది. ఒక అడుగు (12 అంగుళాల) మందమున్నా కూలుతుంది.

మెడలో ఐస్ పిక్‌లు (ఐస్‌లో గుచ్చి పట్టుకునే మొనలున్న పిడులు), ఒంటిమీద లైఫ్ జాకెట్ తప్పనిసరి. పడితే వచ్చినవైపే తిరిగి, పిక్‌లు గుచ్చి, కాళ్ళు కొడుతూ పైకొచ్చి దొర్లండి. వెంటనే లేచి నిలబడొద్దు.